ఇంట్లో డెస్క్‌టాప్ ఉంది, తోడుగా ట్యాబా, ల్యాప్‌టాపా? తేల్చుకునే పద్ధతి

"అన్నా, ఇంట్ల సిస్టమ్ ఉంది. దానికి తోడు ట్యాబ్ కొంటే సరిపోతదా, ల్యాప్‌టాపే కొనాల్నా?"

హన్మకొండలో డీటీపీ షాపు (మేటరు కొట్టి, కార్డులు, పుస్తకాల పేజీలు తయారుచేసే షాపు) పెట్టుకుని కూర్చున్నందుకు నన్ను నెలకు నలుగురైనా ఈ మాట అడుగుతారు. నేను వెంటనే చెప్పను. "సిస్టమ్ ముందు కూర్చోలేక ఆగిపోయిన పని ఏంది?" అని తిరిగి అడుగుతా. సగం మంది అక్కడే నీళ్లు నములుతారు. మోడల్ పేరు, ర్యామ్ ఎంతో, ఆఫర్ ఎప్పటిదాకా ఉందో చెప్తారు గానీ పని చెప్పరు.

ఏమీ లేనివాడు ఒక్క మిషన్ కొనేటప్పుడు చూసుకునే లెక్క వేరు. మీ దగ్గర పెద్ద పనికి పెద్ద మిషన్ ముందే ఉంది. రెండోది దానికి పోటీ రానక్కర్లేదు, అది చేయలేని చోట పనికొస్తే చాలు. అందుకే "ట్యాబ్‌తో ల్యాప్‌టాప్ పనులన్నీ అవుతాయా" అనే చర్చ మీకు పెద్దగా పనికిరాదు. కింద చెప్పిన వరసలో పోతే ఏది కొనాలో మీకే తెలిసిపోతుంది.

మొదటి అడుగు: వారం రోజుల చిట్టా

షాపుకు పోయే ముందు ఒక్క వారం ఓపిక పట్టండి. "ఇప్పుడు సిస్టమ్ దగ్గర ఉంటే బాగుండు" అనిపించిన ప్రతిసారీ ఒక లైను రాసుకోండి. ఎక్కడున్నారు, ఏ పని ఆగింది, ఆ పనికి చేతులు ఏం చేయాలి? చదవాలా, పెన్నుతో గీయాలా, పేజీలకు పేజీలు కొట్టాలా?

నా చిట్టా ఇట్లా వచ్చింది. సోమవారం రాత్రి 40 పేజీల ప్రూఫు. నడుము పట్టేసి కుర్చీలో కూర్చోలేక వదిలేశా. బుధవారం నర్సంపేటలో పెండ్లి కార్డు గిరాకీ. డిజైన్ ఫోన్‌లో చూపిస్తే ఆ ఇంటి పెద్దాయనకు అక్షరాలు ఆనలేదు. గురువారం కరెంటు పోయింది. యూపీఎస్ పావుగంట లాగి చేతులెత్తేసింది, పంపాల్సిన పీడీఎఫ్ లోపలే ఉండిపోయింది. శనివారం కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో, దాదాపు 130 కిలోమీటర్లు, చదవాల్సింది చదవలేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా. ఆదివారం ఒకాయనకు అర్జెంటుగా దరఖాస్తు కొట్టాల్సి వచ్చి మూసిన షట్టరు మళ్లీ లేపా.

ఐదింటిలో నాలుగు చదివేవి, చూపించేవి, పంపేవి. కొట్టేది ఒక్కటే. నేను ల్యాప్‌టాప్ కొనాలని రెండేళ్లు అనుకుంటూ తిరిగినవాణ్ని. ఈ కాగితం చూశాకే మనసు మారింది.

ఇదే చిట్టా మా మేనల్లుడు రాస్తే ఇంకోలా ఉంటుంది. వాడి డెస్క్‌టాప్ పరకాలలో, వాడేమో హైదరాబాద్ హాస్టల్లో. ఇంజినీరింగ్ రెండో ఏడు, ప్రోగ్రాములు రాయాలి, రికార్డులు తయారుచేయాలి. ఇంటికి వచ్చేది నెలకు రెండు రోజులు. వాడికి రెండో మిషన్ పేరుకే రెండోది, నిజానికి మొదటిది అదే. అట్లాంటివాళ్లు ఈ వ్యాసం ఇక్కడే ఆపి ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు. సందేహం అక్కర్లేదు.

ఇంటర్ చదివే పిల్లలు ఇంట్లోనే ఉండి, డెస్క్‌టాప్ అందుబాటులో ఉంటే కథ తిరగబడుతుంది. గణితం, రసాయన శాస్త్రం కీబోర్డు మీద కొట్టే సబ్జెక్టులు కావు. లెక్క చేత్తో వేయాలి, బొమ్మ చేత్తో గీయాలి. పెన్ను పనిచేసే ట్యాబ్ ముందు ల్యాప్‌టాప్ వాళ్లకు దండగ.

ఇంకొకరి సంగతి. ఎనుమాముల మార్కెట్‌లో నాకు తెలిసిన అడ్తిదారు ఒకాయన ఉన్నాడు. ఖాతాలన్నీ దుకాణంలో సిస్టమ్ మీద. యార్డులో మిర్చి బస్తాల మధ్య నిలబడి కాంటా బరువులు రాసుకోవాలి. ల్యాప్‌టాప్ అయితే ఎడమ చేతి మీద మోయాలి, పైగా దాని ఫ్యాను గాలితో పాటు మిర్చి దుమ్మును కూడా లోపలికి లాగుతుంది. దాదాపు ఏ ట్యాబ్‌కూ ఫ్యాను ఉండదు. ఆయన మామూలు ట్యాబ్‌కు రబ్బరు కవరు తొడిగి, గూగుల్ షీట్‌లో బరువులు ఎక్కిస్తాడు. దుకాణంలో గుమస్తా అదే షీటు సిస్టమ్‌లో తెరిచి పట్టీలు రాస్తాడు. ఎండలో మాత్రం స్క్రీను మసకబారుతుందని ఇప్పటికీ గొణుగుతాడు. బయట ఎండలో వాడేవాళ్లు 400 నిట్స్ కంటే తక్కువ వెలుతురున్న స్క్రీను జోలికి పోవద్దు.

రెండో అడుగు: మీ సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ నడుస్తుంది?

నేను దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే కొంచెం సాగదీస్తా.

కొత్త ట్యాబ్, దానికి కీబోర్డు కవరు. చూడటానికి చిన్న ల్యాప్‌టాప్ లాగే ఉంది. పెండ్లి కార్డు మేటరు ఉన్న వర్డ్ ఫైలు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ ఫైలు రెండూ అందులో వేసుకుని అదే నర్సంపేట ఇంటికి పోయా. పేజ్‌మేకర్ ఫైలు అసలు తెరుచుకోలేదు. వర్డ్ ఫైలు తెరుచుకుంది గానీ, పెండ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు. పెద్దాయన కండ్లద్దాలు సవరించుకుని, "ఇదేం భాష సార్?" అన్నడు.

కారణం తెలిసీ మర్చిపోయా. డీటీపీలో నేను తెలుగు కొట్టే అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని మిషన్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతిలో లేవు. ఇంగ్లిష్ అక్షరాలుండే స్థానాల్లో తెలుగు ముక్కలను, తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు, విడివిడిగా కూర్చిన ఫాంట్లవి. ఫాంటు లేని చోట ఆ ముక్కలన్నీ మళ్లీ ఇంగ్లిష్ గుర్తులై బయటపడతాయి. అను, పేజ్‌మేకర్ రెండూ విండోస్ సరుకు. ఆండ్రాయిడ్‌లో, ఐప్యాడ్‌లో వాటిని ఎక్కించే దారి లేదు.

తర్వాత పద్ధతి మార్చా. షాపులోనే పీడీఎఫ్ చేసి తీసుకెళ్తా. పీడీఎఫ్‌లో ఫాంటు వెంటే వస్తుంది కాబట్టి అక్షరం చెదరదు. ట్యాబ్ పెద్దాయన చేతికిచ్చి, పెన్ను కూడా ఇచ్చా. ఆయన పేరు పేరునా వేలు పెట్టి చదివి, "సరల" దగ్గర ఆగి, 'ల' చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి పక్కన 'ళ' రాసిండు. వరసలో మేనమామ పేరు పైకి జరపాలని బాణం గుర్తు గీసిండు. ఆ పేజీ అక్కడికక్కడే షాపుకు పంపా. మా ఆపరేటర్ సిస్టమ్‌లో దిద్ది, నేను బస్సెక్కేలోపు కొత్త ప్రూఫు పంపిండు. దిద్దే పని సిస్టమ్‌ది, దిద్దుబాట్లు చెప్పించుకునే పని ట్యాబ్‌ది. అట్లా పంచుకున్నాక నాకు దానితో గొడవ లేదు.

మీ చిట్టాలో ఉన్న ప్రతి పని పక్కనా అది ఏ సాఫ్ట్‌వేర్‌తో అవుతుందో రాయండి. కింది వాటిలో ఏదైనా బయట చేయాల్సి వస్తే ల్యాప్‌టాప్ వైపు మొగ్గండి:

- అను, పేజ్‌మేకర్, ట్యాలీ లాంటి విండోస్ ప్రోగ్రాములు.
- పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్‌తో చేసే డిజిటల్ సంతకాలు. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీల జీఎస్టీ రిటర్నులకు ఆ సంతకం తప్పనిసరి. మామూలు దుకాణదారు ఓటీపీతో దాఖలు చేసుకుంటాడు కాబట్టి ఆయనకు ఈ బెడద లేదు.
- మాక్రోలు (పనులు దానంతటదే చేసేలా రాసిన ఆదేశాలు) ఉన్న ఎక్సెల్ ఫైళ్లు. ట్యాబ్‌లో ఫైలు తెరుచుకుంటుంది, మాక్రో మాత్రం కదలదు.
- యూఎస్‌బీ తీగ మాత్రమే ఉన్న పాత ప్రింటర్లు. మన జిరాక్స్ సెంటర్లలో ఎక్కడ చూసినా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 ఇదే బాపతు. ట్యాబ్ నుంచి నేరుగా ప్రింటు రాదు.

ఇంకో చిన్న మెలిక ఉంది. మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్ ఉచిత యాప్‌లలో ఫైళ్లు దిద్దుకోవడం 10.1 అంగుళాల లోపు స్క్రీన్ల వరకే. అంతకు మించిన ట్యాబ్ అయితే చందా కట్టాలి. గూగుల్ డాక్స్‌కు ఈ పేచీ లేదు.

మూడో అడుగు: ఏ4 కాగితం పెట్టి స్క్రీను కొలవండి

"11 అంగుళాలు అంటే పెద్దదే కదా" అంటారు. డీటీపీ వాడిని కదా, నేను మిల్లీమీటర్లలో చెప్తా. ఏ4 కాగితం వెడల్పు 210, పొడవు 297. మూల నుంచి మూలకు 14 అంగుళాల పైచిలుకు. 11 అంగుళాల ట్యాబ్‌ను, 16:10 నిష్పత్తిది, నిలువుగా పట్టుకుంటే స్క్రీను వెడల్పు సుమారు 148 మిల్లీమీటర్లు. అంటే సరిగ్గా ఏ5 వెడల్పు. ఏ4 పేజీ మొత్తం కనిపిస్తుంది, కాకపోతే 12 పాయింట్ అక్షరం ఎనిమిదిన్నర పాయింట్ అంత అవుతుంది. కుర్రాళ్లకు పర్వాలేదు. నలభై దాటినవాళ్లకు కష్టమే.

15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో అక్షరం పెద్దగానే కనిపిస్తుంది. కానీ అది అడ్డంగా పడుకున్న స్క్రీను, ఎత్తు 194 మిల్లీమీటర్లే. పేజీని వెడల్పుకు సరిపెడితే ఒకసారికి పేజీలో 40 శాతం కనిపిస్తుంది, మిగతాది జరుపుకుంటూ పోవాలి. పుస్తకాలు, తీర్పులు, ప్రూఫులు చదివేవాళ్లు 12, 13 అంగుళాల ట్యాబ్ చూడండి. వీడియోలు, పాఠాలు చూసేవాళ్లకు 11 చాలు.

ఇంట్లోనే ఏ4 కాగితాన్ని సగానికి మడిచి చేతిలో పట్టుకుని చూడండి. 11 అంగుళాల ట్యాబ్ స్క్రీను దాదాపు అంతే. పైసా ఖర్చు లేని పరీక్ష.

నాలుగో అడుగు: సిస్టమ్‌ను ఇంట్లోనే ఉంచి బయట నుంచి వాడటం

డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకు మాత్రమే ఉన్న సౌకర్యం ఇది. చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ సిస్టమ్‌లో ఎక్కిస్తే, ట్యాబ్ స్క్రీను మీద ఇంటి సిస్టమ్ స్క్రీను కనిపిస్తుంది. ట్యాబ్‌లో పేజ్‌మేకర్ నడవదు, నిజమే. కానీ హన్మకొండలో నడుస్తున్న పేజ్‌మేకర్‌ను నర్సంపేటలో కూర్చుని కదిలించొచ్చు. విండోస్‌లో సొంతంగా ఉండే రిమోట్ డెస్క్‌టాప్ కావాలంటే మాత్రం ఇంటి సిస్టమ్‌లో విండోస్ ప్రో ఉండాలి. హోమ్ ఎడిషన్ బయటివాళ్లను లోపలికి రానివ్వదు.

పరిమితులు కూడా చెప్తా. ఒక పేరు దిద్దడానికి, మర్చిపోయిన ఫైలు తీసి పంపడానికి బంగారం. పది పేజీలు కొట్టడానికి నరకం. ట్యాబ్‌కు బ్లూటూత్ మౌసు జత చేయకపోతే వేలితో చిన్న చిన్న మెనూలు నొక్కలేక చిరాకొస్తుంది. తెలుగు కీబోర్డు లేఅవుట్ దూరం నుంచి సరిగ్గా పడుతుందో లేదో ముందు పక్క గదిలో కూర్చుని పరీక్షించుకోండి. ములుగు దాటి తాడ్వాయి అడవి దారి పట్టాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. అటువైపు తరచూ తిరిగే ఉద్యోగులు, టీచర్లు ఫైళ్లు చేతిలోనే ఉండే ఏర్పాటు చేసుకోవాలి.

ఒక జాగ్రత్త. ఫోన్ చేసి "ఈ యాప్ వేసుకోండి, నంబరు చెప్పండి" అనేవాళ్లు కూడా ఇట్లాంటి యాప్‌లే వేయిస్తారు. మీరు స్వయంగా పెట్టుకున్న యాప్ తప్ప ఇంకేదీ వేయొద్దు, ఎవరికీ ఆ నంబరు చెప్పొద్దు.

ఇంట్లో ఉన్నప్పుడు ట్యాబ్ రెండో మానిటర్‌గా కూడా పనికొస్తుంది. స్పేస్‌డెస్క్ లాంటి ప్రోగ్రామ్‌తో విండోస్ సిస్టమ్‌కు జతచేయొచ్చు. నేను ఎడమ పక్కన ట్యాబ్‌లో చేతిరాత కాపీ పెట్టుకుని, మానిటర్‌లో మేటరు కొడతా. ఐప్యాడ్‌లో ఆపిల్ ఇచ్చే సైడ్‌కార్ మాత్రం మ్యాక్‌లకే. విండోస్ వాళ్లు దాన్ని చూసి ఐప్యాడ్ కొనొద్దు.

ఐదో అడుగు: అసలు ఖర్చు కూడండి

ట్యాబ్ డబ్బా మీది ధర మీరు కట్టే ధర కాదు. పెన్ను, కీబోర్డు కవరు, స్క్రీను మీద అతికించే గ్లాసు, సిమ్ ఉన్న మోడల్ అయితే దాని తేడా, అన్నీ కాగితం మీద కూడండి. చాలాసార్లు ఆ మొత్తం మంచి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ధరను దాటుతుంది. నా మాట అడిగితే, "కీబోర్డు లేకుండా నాకు పని కాదు" అనుకునే మనిషి ట్యాబ్ కొననే కొనొద్దు. కీబోర్డు కవరు అతికించిన ట్యాబ్ ఒళ్లో నిలవదు, బస్సులో అసలే నిలవదు. నా కవరు ఏడాదిగా బీరువాలో ఉంది. సిమ్ మోడల్ కూడా అందరికీ అక్కర్లేదు, జేబులో ఫోన్ హాట్‌స్పాట్ ఉంది కదా.

ల్యాప్‌టాప్ వైపు తేలినవాళ్లు రెండు గుంతలు దాటాలి. మొదటిది, చవకగా దొరికే కొత్త ల్యాప్‌టాప్‌లు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (చవక రకం స్టోరేజీ) అని ఉంటే చూపు తిప్పుకోండి. విండోస్, దాని అప్‌డేట్లే ఆ చోటంతా తినేస్తాయి. కనీసం 8 జీబీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజీ) ఉండాలి. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందో, బోర్డుకే అతికించేశారో కూడా అడగండి.

రెండోది సెకండ్‌హ్యాండ్. కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ రకాలు గట్టివి. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇవి గుట్టలుగా దొరుకుతాయి. అక్కడ అందరూ "ఐ5, ఐ7" అని అరుస్తారు. మీరు ఆ ప్రాసెసర్ ఎన్నో తరం అని అడగండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో 8వ తరం నుంచి, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. అంటే 7వ తరం ఐ7 కంటే 8వ తరం ఐ5 మేలు. థింక్‌ప్యాడ్ టీ470, టీ480 పక్కపక్కన పెడితే పైకి ఒకేలా ఉంటాయి, కానీ 8వ తరం ప్రాసెసరున్న టీ480 ఈ గీత దాటుతుంది, టీ470 దాటదు. ఇదే పరీక్ష ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌కూ పెట్టండి. అదే 6వ, 7వ తరమైతే రెండో మిషన్ పైసలు ముందు దాని మీద పెట్టాలేమో ఆలోచించండి.

కరెంటు లెక్క కూడా చూడండి. 8,000 ఎంఏహెచ్ ట్యాబ్ బ్యాటరీ అంటే సుమారు 30 వాట్ అవర్లు. మామూలు పవర్ బ్యాంకుతో నింపుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కు 45 నుంచి 65 వాట్లిచ్చే టైప్-సి చార్జరు కావాలి. గుండ్రటి పిన్ను ఉన్న పాత రకమైతే చార్జరు మోయక తప్పదు. ఎండాకాలం కోతలున్న ఊర్లో ఇది చిన్న విషయం కాదు.

ఆరో అడుగు: షాపులో పది నిమిషాలు

మీ సొంత ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోండి. సేల్స్ కుర్రాడు చూపించే వీడియో ఏ స్క్రీన్‌లోనైనా బాగానే ఉంటుంది. మీరు చదివే పీడీఎఫ్ తెరిచి రెండు పేజీలు చదవండి.

ట్యాబ్ అయితే అరచేయి స్క్రీను మీద ఆన్చి పెన్నుతో మీ సంతకం చేయండి. చేయి తగిలిన చోట గీతలు పడితే, గీత పెన్ను వెనకాల ఆలస్యంగా వస్తే వద్దు. కీబోర్డు జతచేసి "శ్రీ", "జ్ఞానం", "కృష్ణ", "స్వాతంత్ర్యం" అని తెలుగులో కొట్టి చూడండి. స్క్రీను మీది కీబోర్డులో బాగా వచ్చే తెలుగు, బయటి కీబోర్డు పెట్టగానే మొరాయించడం చూశా. సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో అడగండి. జవాబు దాటేస్తే ఆ మోడల్ దాటేయండి.

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ అయితే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్టు తీయించండి. powercfg /batteryreport అనే కమాండ్‌తో వస్తుంది. కొత్తలో ఎంత నిల్వ, ఇప్పుడు ఎంత నిల్వ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో 70 శాతానికి తక్కువైతే బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించమనండి. ప్రతి కీ నొక్కండి, మూత పదిసార్లు తెరిచి మూయండి. పక్కనున్నవాళ్లు నవ్వితే నవ్వనీయండి.

ఏడో అడుగు: తెచ్చిన రోజు సాయంత్రం

ముందు డెస్క్‌టాప్‌లో ఒక్క ఫోల్డరు పెట్టి, నడుస్తున్న పనులే అందులో ఉంచి, దాన్ని గూగుల్ డ్రైవ్‌కు కలపండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మీ జీమెయిల్, ఫొటోలు కూడా పడతాయి కాబట్టి మొత్తం హార్డ్‌డిస్క్ ఎక్కించే ఆశ పెట్టుకోవద్దు. ట్యాబ్‌లో ఆ ఫోల్డరులోని అవసరమైన ఫైళ్లకు ఆఫ్‌లైన్ గుర్తు పెట్టండి. లేకపోతే సిగ్నల్ లేని చోట పేర్లు కనిపిస్తాయి, ఫైలు తెరుచుకోదు.

తర్వాత పెన్‌డ్రైవ్. సిస్టమ్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసినవాటిని చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు గుర్తించవు. ఎక్స్‌ఫ్యాట్‌లో చేయండి. పాత ఫ్యాట్32 ఎక్కడైనా నడుస్తుంది గానీ 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పెండ్లి వీడియోలు మోసేవాళ్లు అక్కడ ఇరుక్కుంటారు.

చివరగా, రిమోట్ వాడాలనుకునేవాళ్లు సిస్టమ్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చి, బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్‌లలోకి) వెళ్లి కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే ఆన్ అయ్యే ఎంపిక పెట్టండి. నేనిది పెట్టకుండా ఒకసారి సికింద్రాబాద్ పోయా. దారిలో ఉండగా ఇక్కడ రెండు నిమిషాలు కరెంటు పోయింది. పక్క షాపాయనకు ఫోన్ చేసి, తాళంచెవి ఎక్కడుందో చెప్పి, సిస్టమ్ బటన్ నొక్కించుకున్నా.